నలభై దాటాక పరీక్ష లేదు

అమెరికా భద్రతా ప్రమాణాల ప్రకారం తయారు కాని విదేశీ కారు, పుట్టి ఇరవై నాలుగేళ్ళ పదకొండు నెలలైన రోజున అక్కడి రేవులో దిగితే ముద్దాయి. ఇంకొక్క నెల ఆగి దిగితే అతిథి. ఈ నెల రోజుల్లో దాని బ్రేకులేం బాగుపడవు, తలుపులేం గట్టిపడవు, లేని ఎయిర్‌బ్యాగులు మొలకెత్తవు. ఇంకొంచెం తుప్పు పట్టి ఉంటుందేమో, అంతే. నిస్సాన్ స్కైలైన్ ఆర్34 జీటీ-ఆర్ కారు 1999 జనవరిలో అమ్మకానికి వచ్చింది. ఆనాటికి పుట్టని అమెరికా కుర్రాళ్ళు కూడా దానికోసం 2024 జనవరి దాకా వేళ్ళు మడుచుకుంటూ కూర్చున్నారు. ఏ సంవత్సరం మోడల్ అన్నది చాలదు, ఏ నెలలో ఫ్యాక్టరీ గేటు దాటిందో కూడా చూస్తారు. ముహూర్తాలకు మనమే పేరు మోశాం గానీ, ఈ విషయంలో వాళ్ళు మనకేం తీసిపోరు.

ఈ పాతికేళ్ళ లెక్క వెనక 1988లో వచ్చిన చట్టం ఉంది. అంతకుముందు ఎనభైలలో జర్మనీ నుంచి బెంజి కార్లు డీలర్ల ప్రమేయం లేకుండా, చవగ్గా, ఎవరికి వారు తెప్పించుకునేవారు. డీలర్లకు కడుపు మండింది. భద్రత పేరు మీద చట్టం వచ్చింది. అందులో భద్రత పాలెంత, వ్యాపారం పాలెంత అని అక్కడి కార్ల పిచ్చోళ్ళు ఇప్పటికీ కొట్టుకుంటూంటారు. నాకైతే రెండోదే ఎక్కువనిపిస్తుంది. నిజంగా భద్రతే కావాలంటే పాతికేళ్ళు దాటిన కారునే ఎక్కువ అనుమానించాలి కదా. పర్యావరణ శాఖది మళ్ళీ వేరే లెక్క, దానికి ఇరవై ఒక్క ఏళ్ళు చాలు. ఒకే కారుకు ఒకే దేశంలో రెండు మేజారిటీ వయసులన్నమాట.

బిల్ గేట్స్ అంతటివాడు కూడా ఈ లెక్క ముందు చేతులు కట్టుకున్నాడు. ఆయన ముచ్చటపడి తెప్పించుకున్న పోర్షా 959 ఏళ్ళ తరబడి కస్టమ్స్ వాళ్ళ చేతిలో ఉండిపోయింది. ఆ మోడల్‌కు అమెరికా పద్ధతిలో గుద్ది చూసే పరీక్షలు కంపెనీ చేయించలేదు. మూడు నాలుగు కార్లను గోడకు కొట్టి చూపించాలంటే, అంత ఖరీదు కార్లను ఎవరు కొడతారు? చివరికి తొంభైల చివర్లో ఇలాంటి అరుదైన బండ్ల కోసం వేరే వెసులుబాటు పెట్టారు. చూపించుకోవచ్చు, కాస్త తిప్పుకోవచ్చు, ఏడాదికి 2,500 మైళ్ళు మించకూడదు. డబ్బున్నవాడి సరదా చట్టంలో కొత్త గది కట్టించింది. అలాంటి పలుకుబడి లేనివాళ్ళ సంగతి వేరు. 2013లో నంబర్లు మార్చి వయసు ఎక్కువ చూపించిన ఒక ల్యాండ్‌రోవర్ డిఫెండర్‌ను కస్టమ్స్ వాళ్ళు యంత్రంలో పడేసి నలిపేసి, ఆ వీడియో లోకానికి చూపించారు. మనుషులు వయసు తగ్గించి చెప్పుకుంటారు. కార్లకు పెంచి చెబుతారు.

నేనుండేది బ్రిటన్‌లో. ఇక్కడ ఈ పాతకార్ల వ్యవహారం నాకు తగిలించింది తెనాలి వైపు నుంచి వచ్చిన ఒక డాక్టరు. వయసులో నాకంటే చిన్నవాడు, నన్ను అన్నయ్యా అంటాడు. వాళ్ళ నాన్నగారు 1977లో కొన్న అంబాసిడర్ ఊళ్ళో కొట్టంలో ఉంది. నాన్నగారు పోయారు, ఇల్లు అమ్మేస్తున్నారు, కారు అమ్మడానికి మాత్రం మనసొప్పలేదు. తూకానికి అడిగేవాళ్ళే తప్ప బండిగా అడిగినవాళ్ళు లేరు.

"ఓడెక్కించి తెచ్చేసుకుంటా అన్నయ్యా. ఇక్కడ నలభై ఏళ్ళు దాటిన బండికి ఏటా చేయించే ఎంఓటీ ఫిట్‌నెస్ పరీక్ష అక్కర్లేదట. ట్యాక్సూ లేదట. ఇంకేం కావాలి?"

"బ్రేకులు కావాలి," అన్నాను.

నవ్వేశాడు. కానీ ఆ నవ్వులోనే ఉంది నేను ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది. చట్టం పరీక్ష మాఫీ చేసిందంటే బండి పాసైపోయిందని కాదు. పరీక్షాధికారిని కుర్చీలోంచి లేపి యజమానిని కూర్చోబెట్టిందని. ఆ కుర్చీలో కూర్చోవడం మన డాక్టరు అనుకున్నంత తేలిక కాదు.

అసలు అంబాసిడర్‌కు బ్రిటన్ పరాయి దేశమా అంటే, పుట్టిల్లే. ఆక్స్‌ఫర్డ్ దగ్గర కౌలీలో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ అచ్చుల్ని హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు కొని, కలకత్తా పక్కన ఉత్తర్‌పారాలో యాభైల చివర్లో అంబాసిడర్‌గా మొదలుపెట్టారు. ఇంగ్లండులో ఆ మోడల్ కొన్నేళ్ళకే సంతకు పోయింది. ఉత్తర్‌పారాలో మాత్రం 2014 దాకా నడిచింది. మంత్రులెక్కారు, పెళ్ళికొడుకులెక్కారు, తెనాలి నుంచి గుంటూరు పెద్దాసుపత్రికి రోగులూ ఎక్కారు. అలాంటి కారు తిరిగి ఇంగ్లండు రేవులో దిగితే ఇక్కడి కస్టమ్స్ వాడు అడిగే మొదటి ప్రశ్న "నువ్వెవరు?" కాదు, "నువ్వెప్పుడు పుట్టావు?"

పుట్టిన తేదీ మీదే ఇక్కడ సమస్తం ఆధారపడి ఉంటుంది. కారు దిగిన పద్నాలుగు రోజుల్లో పన్నుల శాఖకు తెలియజేయాలి. వాళ్ళు సరేనన్నాక రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు. దాంతోపాటు అసలు ఆర్‌సీ, ఇన్సూరెన్సు, తయారైన సంవత్సరానికి రుజువు. పదేళ్ళలోపు కారైతే ఇక్కడి ప్రమాణాలకు సరిపోతుందో లేదో తేల్చే పెద్ద పరీక్ష ఉంటుంది. పదేళ్ళు దాటితే అది తప్పిపోతుంది, మామూలు ఎంఓటీ చాలు. నలభై దాటితే అదీ తప్పిపోతుంది. మెట్టు మెట్టుకూ ఒక బరువు దించేస్తూ పోతారు. అందుకే ఆ మెట్టు మీద నిజంగా ఉన్నావా లేదా అన్నది నిక్కచ్చిగా చూస్తారు.

మోరిస్ లాంటి ఇంగ్లీషు కార్లకైతే గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం వాళ్ళు ఫ్యాక్టరీ పాత లెడ్జర్లు తీసి, ఈ చాసిస్ నంబరు బండి ఫలానా రోజున తయారైందని సర్టిఫికెట్ ఇస్తారు. ఉత్తర్‌పారా లెడ్జర్లు గేడన్‌లో ఎందుకుంటాయి? కాబట్టి మన ఆర్‌సీయే దిక్కు. అందులో తయారైన నెల, సంవత్సరం ఉంటాయి గనక బతికిపోయాం. డాక్టరుగారి నాన్నకు కాగితాలు దాచే అలవాటుండబట్టి, ఆర్‌సీతోపాటు కొన్ననాటి రసీదు, పాత ట్యాక్సు కాగితాలు, ఎరువుల కంపెనీ క్యాలెండరు వెనక రాసుకున్న ఆయిలు మార్పిడి తేదీలు అన్నీ ఒక రేకు పెట్టెలో దొరికాయి. అన్నీ సరిపోతే కారుకు దాని వయసుకు తగ్గ నంబరు ఇస్తారు. 1977 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఇక్కడ రిజిస్టరైన బండ్ల నంబరు చివర 'ఎస్' ఉండేది. ఉత్తర్‌పారా బండికీ అలాంటి అక్షరమే తగులుతుంది. ఆ ఏడాది ఈ దేశంలో అడుగే పెట్టని కారు, ఇక్కడే తిరిగినట్టు.

తర్వాత వచ్చిన చిక్కు ఇంజను. 1977 అంబాసిడర్ అంటే పెట్రోలు బండి. కానీ పెట్రోలు అంబాసిడర్‌ను పెట్రోలు మీదే నడిపించినవాళ్ళు మన జిల్లాల్లో ఎంతమంది? డీజిలు చవకైన రోజుల్లో బెజవాడ ఆటోనగర్‌లో ఇంజను మార్పించుకోవడం ఇంటికి సున్నం వేయించుకున్నంత మామూలు. నాన్నగారూ 1991లో డీజిలు ఇంజను వేయించారు. పద్ధతి గల మనిషి కాబట్టి ఆర్‌సీలో ఎక్కించారు.

బ్రిటన్ నిబంధన ఇలా ఉంటుంది. నలభై దాటిన కారుకు పరీక్ష మాఫీ కావాలంటే దాని ముఖ్య భాగాల్లో గణనీయమైన మార్పు జరిగి ఉండకూడదు. చాసిస్, ఇరుసులు, నడక భాగాలు, ఇంజను. ఇంజను వేరే రకందైతే మార్పు కిందే లెక్క. డాక్టరు డీలాపడిపోయాడు. నేను మిగతా పేరా కూడా చదవమన్నాను. ఆ మార్పు గడిచిన ముప్పై ఏళ్ళలో జరిగి ఉంటేనే లెక్కలోకి వస్తుంది! 1991 నాటి మార్పుకు ముప్పై ఎప్పుడో నిండాయి. అంటే తప్పుకు కూడా వయసొస్తే అది చరిత్ర అయిపోతుంది. నిన్న మార్చిన ఇంజను మోసం, ముప్పై ఏళ్ళ కింద మార్చిన ఇంజను ఆనవాయితీ. నాకు ఈ నిబంధన రాసినవాడెవడో గానీ మనిషి స్వభావం తెలిసినవాడనిపించింది. బండి తయారైన రోజుల్లోగానీ, తయారీ ఆగాక పదేళ్ళలోపుగానీ ఆ మోడల్‌కు జనం మామూలుగా చేయించే మార్పులకూ మినహాయింపు ఉంది. భాగాలు దొరక్క బండిని బతికించడానికి చేసినవాటికీ ఉంది. పాత బండి అంటే అద్దాల పెట్టెలో బొమ్మ కాదు, వాడుకలో నలిగిందని ఒప్పుకోవడం అది.

కస్టమ్స్ వాళ్ళు మాత్రం ఇంత మెత్తనివాళ్ళు కాదు. ముప్పై దాటి, తయారీ ఆగిపోయి, అసలు రూపంలో ఉన్న కారైతే దాన్ని సేకరణ వస్తువు కింద జమకట్టి, సుంకం లేకుండా ఐదు శాతం వ్యాట్‌తో వదిలేస్తారు. ఇంజను మార్చిన బండి అసలు రూపంలో ఉందా అని వాళ్ళు ముక్కు విరిస్తే, మామూలు కారు కింద పది శాతం సుంకం, ఆపైన ఇరవై శాతం వ్యాట్. కారు ఖరీదు, ఓడ ఖర్చు కలిపి 5,000 పౌండ్లనుకోండి. మొదటి దారిలో 250 పౌండ్లు. రెండో దారిలో 500 సుంకం, దాన్ని కలుపుకొని 1,100 వ్యాట్, వెరసి 1,600. ఒకే ప్రభుత్వంలో ఒక శాఖ దృష్టిలో అది పురావస్తువు, ఇంకో శాఖ దృష్టిలో సెకండ్ హ్యాండ్ కారు. ఏజెంటును పెట్టుకుని ముందే లిఖితపూర్వకంగా అడిగించుకోవడం మేలు. రేవులో అడిగితే రోజుకింత అద్దె లెక్కకడుతూ జవాబిస్తారు.

డబ్బు సంగతి ఇంతటితో వదిలేసి, బండి కిందికి దూరదాం.

ఆటోనగర్ మేస్త్రి ఒకాయన బండిని పైకి లేపించి, చిన్న సుత్తితో కింద అక్కడక్కడా తట్టి చూశాడు. వీడియో కాల్‌లో మేమిద్దరం ఇక్కణ్ణుంచి వింటున్నాం. టంగుమన్న చోట ఏమీ అనలేదు. డప్‌మన్న చోట ఆగి, "ఇది రేకు కాదు సార్, పుట్టీ," అన్నాడు. ఎప్పుడో టింకరింగ్ చేసినవాడు తుప్పు తినేసిన చోట పుట్టీ దట్టించి నల్లరంగు కొట్టేశాడు. పైనుంచి చూస్తే పెళ్ళికూతురు.

సరిగ్గా ఎంఓటీ చేసేవాడూ ఇలాగే తట్టి చూస్తాడు. తుప్పు ఎక్కడున్నా పట్టించుకోడు. తలుపు కింద చిల్లిపడినా గదమాయించడు. కానీ సీటు బెల్టు బిగించిన చోటు, సస్పెన్షన్ పట్టుకున్న చోటు, స్టీరింగ్ బాక్సు నిలిచిన చోటు, వీటి చుట్టూ ముప్పై సెంటీమీటర్ల లోపల రేకు బలం తగ్గితే ఫెయిలే. అక్కడ పుట్టీ పనికిరాదు, రివిట్లు కొట్టిన పట్టీ పనికిరాదు. చుట్టూ తెగకుండా వెల్డింగ్ చేసిన రేకే కావాలి. ఈ ముప్పై సెంటీమీటర్ల ఆలోచన నాకు బాగా నచ్చింది. అందం నీ ఇష్టం, ప్రాణం ఆనుకున్న చోటు మాత్రం నా లెక్క అని చెప్పడం అది.

ఇక సీటు బెల్టులు. 1977లో మన అంబాసిడర్‌కు బెల్టులెక్కడివి? బ్రిటన్‌లో 1965 నుంచీ వచ్చిన కార్లకు ముందు సీట్ల బెల్టులు ఉండి తీరాలి. అంతకు ముందువైతే బిగించమని అడగరు. ఇలా ప్రతి భాగానికీ ఒక తేదీ గీత ఉంది. వెనక పసుపు ఇండికేటర్లు 1965 సెప్టెంబరు నుంచి. వెనక ఫాగ్ ల్యాంపు 1980 ఏప్రిల్ నుంచి. నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి కొట్టుకునే హజార్డ్ లైట్లు 1986 ఏప్రిల్ నుంచి. కాబట్టి మన బండికి బెల్టులు కావాలి, ఫాగ్ ల్యాంపు వద్దు. బ్రేకుల పట్టుకూ ఇదే న్యాయం: 2010 సెప్టెంబరు నుంచి రోడ్డెక్కిన కారైతే బండి బరువులో 58 శాతం బ్రేకు బలం చూపాలి, దానికి ముందుదైతే 50 చాలు. చట్టం పాత కారును కొత్త కారు కమ్మనడం లేదు. నీ కాలానికి నువ్వు సరిగ్గా ఉన్నావా అని అడుగుతోంది. ఇంతకంటే న్యాయమైన ప్రశ్న ఇంకోటి నాకు తోచదు.

అమెరికా మస్టాంగులు తెచ్చుకునేవాళ్ళకు ఇక్కడే తిప్పలు. వాటికి వెనక ఇండికేటర్లు ఎర్రగా, బ్రేకు లైటులోనే కలిసి ఉంటాయి. విడదీసి పసుపువి పెట్టాలి. హెడ్‌లైట్లు కుడి అంచుకు వాలి ఉంటాయి, ఇక్కడ ఎడమకు వాలాలి. మన బండికి ఆ బాధ లేదు. ఎడమ పక్కన నడవడం ఇంగ్లీషువాడు మనకు నేర్పిపోయిందే. ఈ ఒక్క విషయంలో వలస పాలనకు కృతజ్ఞతలు చెప్పుకోవచ్చు.

బెల్టుల సంగతికి తిరిగొస్తే, బెల్టు కొనడం పని కాదు, దాన్ని దేనికి బిగిస్తామన్నదే పని. గుద్దుకున్నప్పుడు మనిషి బరువు అనేక రెట్లై ఆ బోల్టు మీద పడుతుంది. మధ్య స్తంభం రేకుకు చిల్లి కొట్టి నట్టు బిగిస్తే మొదటి దెబ్బకే చినిగి వస్తుంది. వెనక మందమైన పలక వెల్డు చేయాలి. ఆ పలక చుట్టూ మళ్ళీ ఆ ముప్పై సెంటీమీటర్ల నిఖార్సైన రేకు ఉండాలి. అలా ఒక బెల్టు బిగించబోయి సగం బండిని విప్పారు. అంబాసిడర్‌కు ఇలాంటి అవస్థ కొత్తది కాదు. 1993లో ఒక సంస్థ కొత్త అంబాసిడర్లనే ఫుల్‌బోర్ మార్క్ 10 అని పేరు పెట్టి బ్రిటన్‌కు దింపింది. ఇక్కడి నిబంధనల కోసం సీటు బెల్టులూ హీటరూ విడిగా బిగించి అమ్మబోయారు. నాలుగు కార్లు అమ్ముడుపోయేలోపే దుకాణం దివాలా తీసింది. కొత్తదిగా వస్తే ఎవరూ కన్నెత్తి చూడని కారును ఇప్పుడు పాతదిగా వస్తే ఆగి మరీ ఫొటో తీసుకుంటారు.

ఇంత జాగ్రత్త ఎందుకు, పరీక్షే లేనప్పుడు? డాక్టరు ఇదే అడిగాడు. దానికి జవాబు ఎంఓటీ పుట్టుకలోనే ఉంది. 1960లో ఎర్నెస్ట్ మార్పుల్స్ అనే రవాణా మంత్రి ఈ పరీక్ష పెట్టాడు. అప్పుడు పరీక్ష ఏ కార్లకు? పదేళ్ళు దాటినవాటికి మాత్రమే. యుద్ధానికి ముందు నాటి డొక్కు బండ్లు రోడ్లమీద కూలబడుతున్నాయి, బ్రేకులు లేవు, లైట్లు లేవు, స్టీరింగ్ ఒక వైపు తిప్పితే చక్రం ఇంకో వైపు ఆలోచిస్తోంది. కాబట్టి పాతవాటినే పట్టుకున్నారు. 1967కల్లా మూడేళ్ళు దాటిన ప్రతి కారుకూ పరీక్ష వచ్చేసింది. పాత బండి అపాయమని మొదలైన పరీక్ష, 2012లో 1960కి ముందు కార్లను వదిలేసింది. 2018 మే 20 నుంచి నలభై దాటిన ప్రతి కారునూ వదిలేసింది. ఏ వయసును చూసి భయపడ్డారో ఆ వయసుకే సెలవిచ్చారు.

దానికి వాళ్ళు చెప్పిన కారణం తీసిపారేయదగ్గది కాదు. ఇలాంటి కార్లను జనం ప్రాణంలా చూసుకుంటారు, ఆదివారం పూట కాసేపు తిప్పుతారు, ప్రమాదాలు తక్కువ. పైగా ఇప్పటి కుర్ర టెస్టర్లలో చాలామందికి చోకు అంటే తెలియదు. ఒప్పుకుంటాను. కానీ ప్రాణంలా చూసుకునేవాడికీ, కొట్టంలో పదిహేనేళ్ళు పడుకోబెట్టి ఓడెక్కించినవాడికీ ఒకే మినహాయింపు. యజమాని ఒక ఫారం మీద నా బండిలో గణనీయమైన మార్పులేమీ లేవని సంతకం పెడితే చాలు. మన పింఛనుదారులు ఏటా ట్రెజరీకి వెళ్ళి బతికే ఉన్నామని చూపించుకున్నట్టే ఇదీ. బతికే ఉన్నాడని తెలుస్తుంది, గుండె ఎలా కొట్టుకుంటోందో తెలియదు. ఇది పెద్దమనిషి తరహా నిర్ణయమే గానీ తెలివైన నిర్ణయమని నేననను.

లండన్‌లో ఇంకో వింత. కాలుష్యం తగ్గించడానికి పెట్టిన ప్రాంతంలో ప్రమాణాలకు తూగని కారుకు రోజుకు 12 పౌండ్ల 50 పెన్నీలు. నలభై దాటి చారిత్రక పన్ను తరగతిలో చేరిన కారుకు సున్నా. కాబట్టి 2010 నాటి డీజిలు కారులో ఆసుపత్రి డ్యూటీకి వెళ్ళే నర్సు కట్టాలి. వెనక నల్లని తెర దించుకుంటూ పోయే మన అంబాసిడర్ కట్టనక్కర్లేదు. ఢిల్లీలో పదేళ్ళు దాటిన డీజిలు బండినీ, పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు బండినీ తిప్పొద్దన్న వ్యవహారం ఏళ్ళుగా కోర్టుల్లో నలుగుతోంది. వయసు అక్కడ నేరం, ఇక్కడ మాఫీ.

ఆస్ట్రేలియావాళ్ళ భయాలు వేరు. పాతికేళ్ళు దాటితే వాళ్ళూ ప్రమాణాల జోలికి పెద్దగా పోరు గానీ, బ్రేకు లైనర్లలో, గాస్కెట్లలో ఆస్‌బెస్టాస్ ఉందేమోనని ల్యాబులో పరీక్ష చేయిస్తారు. అక్కడ 2003 చివరి నుంచి ఆస్‌బెస్టాస్‌ను పూర్తిగా నిషేధించారు, చిటికెడు కనపడినా కారు కదలదు. మడ్‌గార్డు లోపల మన పొలం మట్టి ఉన్నా కడిగిస్తారు, దాని ఖర్చు మనదే. మెల్‌బోర్న్‌లో ఉన్నవాళ్ళెవరైనా అంబాసిడర్ తెప్పించుకోవాలనుకుంటే లైనర్లన్నీ ఇండియాలోనే మార్పించి, బిల్లులు దాచుకుని, బండిని ఆవిరితో కడిగించి ఎక్కించాలి. జర్మన్లకు ముప్పై ఏళ్ళు. నిపుణుడు వచ్చి అసలు రూపం, ఆరోగ్యం రెండూ చూసి సంతకం పెడితేనే నంబరు చివర 'హెచ్' అక్షరం ఇస్తారు. ఆ తర్వాత కూడా రెండేళ్ళకోసారి మామూలు పరీక్ష తప్పదు. నన్నడిగితే ఇదే సరైన పద్ధతి. గౌరవం గౌరవమే, తనిఖీ తనిఖీయే.

మరి మన దేశం? 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నియమాలు తెచ్చింది. యాభై ఏళ్ళు దాటిన బండి, విదేశాల నుంచి తెచ్చినదైనా సరే, పెద్దగా మార్పులు లేకుంటే 'వీఏ' అక్షరాలున్న నంబరు వస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. కమిటీ చూసి ఒప్పుకోవాలి. అంతా బాగుంది గానీ ఆ బండిని రోజువారీగా తిప్పకూడదు. ప్రదర్శనకో, ర్యాలీకో, పరిశోధనకో, పెట్రోలు పోయించుకోవడానికో, రిపేరుకో తప్ప రోడ్డెక్కకూడదు. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాంగారి పసుపుపచ్చ రోల్స్‌రాయిస్‌కు ఆ బతుకు సరిపోతుంది. డాక్టరు నాన్నగారి అంబాసిడర్‌కు సరిపోదు. మామూలు రిజిస్ట్రేషన్ మీద ఉంచుకుంటే పదిహేనేళ్ళ తర్వాత ఐదేళ్ళకోసారి రెన్యువలు, గ్రీన్ ట్యాక్సు, ఆఫీసు మైదానంలో బ్రేక్ ఇన్‌స్పెక్టరు ముందు నిలబెట్టడం. ఆయన నడిపి చూస్తాడా, దూరం నుంచి చూస్తాడా అన్నది ఊరిని బట్టి, ఏజెంటును బట్టి ఉంటుందని అందరికీ తెలుసు. పరీక్ష పెట్టి చేయకపోవడానికీ, పరీక్షే పెట్టకపోవడానికీ తేడా ఎంత? మొదటిదాంట్లో చేతిలో ఒక అబద్ధపు కాగితం కూడా ఉంటుంది. అందుకే అక్కణ్ణుంచి ఫిట్‌నెస్ ఉందన్న మాట పట్టుకుని ఇక్కడ బండెక్కడం నేను ఒప్పుకోను.

డాక్టరుకు నేను చెప్పింది ఇదే. ఓడెక్కకముందే ఆటోనగర్‌లో పని చేయించు. ఇక్కడి కూలీతో పోలిస్తే అక్కడ వెల్డింగ్ మేస్త్రి చేతికి దణ్ణం పెట్టాలి. నాలుగు చక్రాల డ్రమ్ములూ విప్పించు, బ్రేకు గొట్టాలు కొత్తవి వేయించు, కింగ్‌పిన్నులు చూపించు, టైర్లు గీతలున్నా సరే ఏళ్ళు నిండితే మార్చు. ప్రతి దశా ఫొటో తీయించు. ఇక్కడ ఇన్సూరెన్సువాడు అడుగుతాడు. దిగాక, అక్కర్లేకపోయినా ఎంఓటీ చేయించు. మినహాయింపు ఉన్న బండిని పరీక్షకు తీసుకురావద్దని ఎవరూ అనరు, ఇంకా రిజిస్టరు కాకపోతే చాసిస్ నంబరు మీదే చేస్తారు. నాన్నగారి కారని చెప్పి పిల్లల్ని వెనక సీట్లో కూర్చోబెడతావు కదా.

"సరే అన్నయ్యా, ఫెయిలైతే?"

"ఫెయిలైతే ఏం చేయాలో రాసిస్తాడు. ఆ కాగితం కోసమే కదా వెళ్ళేది."

మీలో ఎవరికైనా ఊళ్ళో ఇలాంటి బండి ఉండి, ఏ దేశానికైనా తెచ్చుకునే ఆలోచన ఉంటే, ముందు ఆర్‌సీ ఎక్కడుందో వెతకండి, తర్వాత బండి కింద సుత్తితో తట్టించండి. ఈ దేశంలో కారుకు ఎంఓటీ రుసుము గరిష్ఠంగా 54 పౌండ్ల 85 పెన్నీలు. పరీక్ష మాఫీ ఉన్నా లేకున్నా, ప్రమాదకరమైన స్థితిలో ఉన్న బండిని రోడ్డు మీదికి తెస్తే జరిమానా 2,500 పౌండ్ల దాకా, లైసెన్సు మీద మూడు పాయింట్లు. ఆ నిబంధనలో వయసు ప్రసక్తి లేదు.